రెండొందల ఏడు

తెర మీద ఫైలు ఖాళీగా ఉంది. దాని పక్కన పేరు మాత్రం నిండుగా ఉంది. భానుప్రియ.

జ్యోతిర్మయి కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. పేరు మారలేదు. ఫైలును ఆఖరున పెట్టిన మనిషి పేరే అక్కడ పడుతుంది. ఆగస్టు నెల కారే వ్యాగన్ల లెక్క మొత్తం పోయింది. ఏ వ్యాగన్ పైకప్పు ఎక్కడ కారింది, అందులో బియ్యం బస్తాలు ఏ వరస దాకా తడిశాయి అన్నది బిల్హాలో సరుకు దింపే సైడింగు నుంచి లోకల్ బండిలో వచ్చే చీటీలు చూసి నెలంతా కూర్చుని కొట్టిన లెక్క అది. ఈ వారంలోనే నాగపూర్ హెడ్డాఫీసుకు పోవాలి. వానాకాలంలో, తడిసిన సరుకుకు నష్టపరిహారం రాబట్టే ఆ ఏజెన్సీకి అంతకంటే ముఖ్యమైన ఫైలు లేదు.

ఆ ఫైలు ఉన్న డైరెక్టరీలో రాయడానికీ, చెరపడానికీ హక్కు భానుప్రియ ఒక్కదానికే ఉంది. ఆ హక్కు ఇచ్చింది జ్యోతిర్మయే. భానుప్రియను ఆఫీసులోకి తెచ్చిందీ జ్యోతిర్మయే. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేస్తూ పోయిన బంగార్రాజు కూతురని, టైపు బాగా కొడుతుందని, నా పూచీ అని మేనేజరుకు చెప్పి తెచ్చింది. పిల్లకింకా ట్రయల్ పూర్తి కాలేదు.

"ఒలే, ఇలా రా," అంది.

భానుప్రియ చీటీల కట్ట పక్కన పెట్టి లేచి వచ్చింది. గది నిండా మనుషులున్నారు. అప్పుడే టీ వచ్చింది. అందరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి.

"ఏటి దీదీ?"

"ఏటో నువ్వే చెప్పాల. ఇదేటి? ఎవలి పేరు ఇది?"

భానుప్రియ తెర మీదకు వంగి చూసింది. దాని మొహం మెల్లగా తెల్లబోయింది. "నా పేరే. కానీ నేను చెయ్యలేదు దీదీ. కసమ్‌సే, నిన్న నేను చూసినప్పుడు అంతా ఉంది."

"మరి పేరు ఎలగొచ్చినాది? గాల్లోంచి ఊడిపడ్డాదా?"

"ముఝే క్యా పతా దీదీ. నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోకుండా పేరు పడదే. మనుషులు అబద్ధాలాడతారు గానీ మెషిన్ ఆడదు. చేసినదానివి చేసినానని చెప్పు. తప్పు చేసీసి నా మొహం మీదే బొంకుతావేటి? నీ కోసం నేను పూచీ ఉన్నాను. సిగ్గులేదూ?"

టీ గ్లాసుల వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, భానుప్రియ కళ్ళలో నీళ్ళు అప్పుడొచ్చాయి. వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. చీటీల కట్టను బోర్లించి పెట్టింది.

శివనాథ్ క్లియరింగ్ ఏజెన్సీ అంటే బిలాస్‌పూర్ స్టేషనుకు కూతవేటు దూరంలో ఒక రెండంతస్తుల మేడ. గూడ్సు బండి పోతే కిటికీ రెక్కలు గలగలమంటాయి. కింది గదిలో లెక్కలు కొట్టేవాళ్ళు, పై గదిలో ఆ లెక్కలు చూసి క్లెయిములు రాసేవాళ్ళు. తొంభైమూడు నాటికి రెండు గదుల్లోనూ యూనిక్స్ మెషిన్లొచ్చాయి. పైది పాతది, డిస్కు చిన్నది. కిందిది కొత్తది. రెండింటికీ మధ్య ఉన్న సంబంధం మాత్రం ఫ్లాపీ ఒక్కటే. కింద కొట్టిన లెక్కను సాయంత్రం ఫ్లాపీలోకి ఎక్కించి, భానుప్రియ మెట్లెక్కి పైకి ఇచ్చి వచ్చేది. ఫ్లాపీకి బూజు పట్టినా, తడిసినా, ఎవరైనా దాని మీద వేడి టీ గ్లాసు పెట్టినా ఆ రోజు లెక్క పైవాళ్ళకు లేనట్టే.

ఈ తిప్పలు పడలేక రెండు మెషిన్లనూ కలపమన్నాడు మేనేజరు సుబ్బరామయ్య. ఆయన ఒంగోలు వైపు మనిషి. చెడ్డవాడు కాదు గానీ, కాలికింద నిప్పులున్నట్టు తొందర. నాగపూర్ నుంచి రావలసిన ఇంజనీరు రాలేదు. "నువ్వే చేసెయ్యమ్మా, పుస్తకాలు ఉన్నాయిగా," అన్నాడు.

జ్యోతిర్మయి చేసింది. వంటింటి పొగగొట్టం కోసం ఎవరో ఎప్పుడో కొట్టిన కంతలోంచి నల్లటి కేబులు పైకి లాగింది. రెండు చివర్లా టెర్మినేటర్లనే బిరడాలు బిగించింది. కింది మెషిన్లో ఎక్స్‌పోర్ట్స్ అనే ఫైలులో, ఫలానా డైరెక్టరీని పై మెషిన్‌కు చూడనిస్తున్నాను అని రాసింది. పై మెషిన్లో దాన్ని మౌంట్ చేసింది. అంటే కింద ఉన్న డైరెక్టరీ పైన కూడా ఉన్నట్టే కనబడుతుంది. పైవాళ్ళు అందులో ఏది చూసినా కింది డిస్కులో ఉన్నదే చూస్తున్నట్టు, ఏది రాసినా కింది డిస్కు మీదే రాస్తున్నట్టు. పై గదిలోవాళ్ళు పెద్దవాళ్ళు, కొత్త దారులు పట్టరు. అందుకని వాళ్ళకు అలవాటయిన వ్యాగన్ అన్న పాత డైరెక్టరీ మీదే దీన్ని తెచ్చి కూర్చోబెట్టింది. పాత చాప మీద కొత్త చాప పరిచినట్టు.

ఒక్కటి మాత్రం ఆమెకు నచ్చలేదు. సుబ్బరామయ్య దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"సార్, రెండు మెషిన్లలోనూ ఒక మనిషికి ఒకటే నంబరు ఉండాలి. ఇప్పుడు అలగ లేదు. పైన ఎవరో పెట్టినారు, కింద నేను పెట్టినాను. సరి చెయ్యడానికి పని ఆపాల."

"పేర్లున్నాయి కదమ్మా, నంబర్లతో మనకేం పని?"

"మెషిన్‌కి నంబర్లతోనే పని సార్."

"నెలాఖరు. పని ఆపడం కుదరదు. ముందు కలుపు, తరవాత నీ నంబర్లు చూసుకుందువు గాని."

కుదరదంటే కుదరదు. మహా అయితే ఎవరికో హక్కు లేదని మెషిన్ తిప్పి పంపుతుంది, వాళ్ళొచ్చి నన్నడుగుతారు, అప్పుడు చూసుకోవచ్చు అనుకుంది జ్యోతిర్మయి. తిప్పి పంపకుండా మెషిన్ ఎవరినో లోపలికి రానిస్తుందేమో అన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

ఇప్పుడు భానుప్రియను తిట్టి పంపాక కూడా రాలేదు. కోపం అటువంటిది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమంటుంది.

సుబ్బరామయ్య వచ్చి విని, తెర చూసి, నుదురు రుద్దుకున్నాడు.

"పేరు కళ్ళ ముందు కనిపిస్తుంటే ఇంకేం మాట్లాడతాం? అమ్మాయీ, సాయంత్రం దాకా ఉండి, నీ దగ్గరున్న చీటీలు అప్పజెప్పి వెళ్ళు. రేపటి నుంచి రానక్కర్లేదు. నాగపూర్‌కు నేను ఏదో ఒకటి రాసుకుంటాను."

"సార్, నేను చెయ్యలేదు," అంది భానుప్రియ.

"సరేనమ్మా. వెళ్ళు."

ఆ మాట రైల్వే కాలనీకి చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టదు. బంగార్రాజు కూతురు కంపెనీ లెక్క చెరిపేసిందట అన్న మాట కుళాయి దగ్గర మొదలయి, గణపతి పందిరి కర్రలు పాతుతున్నవాళ్ళ దాకా పోతుంది. తెలుగువాళ్ళు ఒకరి మాట మీద ఒకరికి ఉద్యోగాలు ఇప్పించుకునే ఊళ్ళో, ఆ తరవాత ఆ పిల్ల ఏ గుమ్మం ఎక్కినా మెట్టు మీదే ఆపేస్తారు. జ్యోతిర్మయికి అది తెలుసు. తెలిసి కూడా, బొంకింది కదా అని పళ్ళు బిగించి ఊరుకుంది.

పోయిన లెక్క, నకళ్ళు దాచే టేపులో ఏమైనా మిగిలి ఉందేమో చూద్దామని మెట్లెక్కింది. టేపు డ్రైవు పై మెషిన్‌కే ఉంది.

పై గదిలో శంకరరావు ఒక్కడే ఉన్నాడు. మిగిలినవాళ్ళు భోజనాలకు వెళ్ళారు. ఆయన మామూలుగా తన టెర్మినల్ ముందే టిఫిను గిన్నె విప్పుకుని పులిహోర తింటున్నాడు. జ్యోతిర్మయి తండ్రి గూడ్సు గార్డు. శంకరరావూ ఆయనా ఒక వీధివాళ్ళు, టెక్కలి దగ్గర ఊరు. తండ్రి పోయాక జ్యోతిర్మయిని పరీక్షకు విశాఖపట్నం తీసుకెళ్ళి, హాలు బయట ఎండలో గొడుగు వేసుకుని కూర్చున్న మనిషి శంకరరావు. ఆమెకు పెద్నాన్న. కన్నవాడి తరవాత అంతటివాడు.

"ఏటమ్మా, దొరికిందేటి?" అన్నాడు.

"లేదు పెద్నాన్నా."

టేపులో ఏమీ లేదు. పక్కనున్న టెర్మినల్ మీద, అక్కడి నుంచి ఒకసారి చూద్దామని, వ్యాగన్ డైరెక్టరీలో ఉన్నవన్నీ చూపించమంది. అదే ఖాళీ ఫైలు కనబడింది. ఫైలు పేరూ అదే, తారీకూ అదే. పక్కన ఉండవలసిన మనిషి పేరు మాత్రం వేరు.

శంకరరావు.

జ్యోతిర్మయి చేతులు మీటల మీదే ఉండిపోయాయి. తరవాత పేర్లు కాకుండా నంబర్లు చూపించమని అడిగింది. రెండొందల ఏడు అంది మెషిన్. కింద రెండొందల ఏడు ఎవరో ఆమెకు చూడనక్కర్లేదు. ఆ నంబరు భానుప్రియకు తనే ఇచ్చింది.

"పెద్నాన్నా," అంది, "ఒకపాలి ఇటు చూడు."

ఆయన చూడలేదు. గిన్నె అడుగున ఉన్న వేరుశనగ గింజలు ఏరుకుంటున్నాడు.

"ఇక్కడ నీ పేరుంది."

"ఆఁ. ఉంది."

"ఎప్పుడు చూసినావు?"

"పొద్దున్న. మీరు కింద అరుచుకుంతన్నప్పుడు."

"చూసి?"

శంకరరావు గిన్నె మూత పెట్టాడు. "నెల మొదలు కదా. పాతది తీసీసి ఖాళీది పెట్టుకున్నాను. ప్రతీ నెలా చేసీదే. ఈ డిస్కుకి చోటు చాలదు కదా మరి. అది కిందోళ్ళదయిపోనాదని నాకెవలు చెప్పినారు? నువ్వు చెప్పినావేటి?"

చెప్పలేదు. అది నిజమే. కేబులు లాగి, మౌంట్ చేసి, "ఇంక మీకు ఫ్లాపీలక్కర్లేదు" అని మాత్రం చెప్పి దిగిపోయింది. ఆ నిజం వినేసరికి జ్యోతిర్మయికి కోపం తగ్గలేదు, రెట్టింపయింది.

"చెప్పలేదు. ఆ తప్పు నాది. చెరిపీడం నీ పొరపాటు, దానికి నిన్ను ఎవరూ ఏమీ అనరు. పొద్దున్నించీ కింద ఆ గుంట ఏడుస్తుంటే నువ్వు పులిహోర తింటన్నావు, దాని సంగతి చెప్పు."

"గట్టిగా మాట్లాడకు."

"ఎందుకు మాట్లాడకూడదు?"

"చూడమ్మా. అది చిన్న గుంట. ఇవాళ కాకపోతే రేపు ఇంకో చోట దొరుకుతాది. ఈ ఏడు గణపతి పందిరికి నన్ను పెద్దని చేసినారు. పీటల మీద కూకోవలసినోడిని. ముసలోడు మతిపోయి లెక్క చెరిపీసినాడంటే నాకేటి మిగుల్తాది? నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు."

"దాన్ని ఎవరు మర్చిపోతారు పెద్నాన్నా? బంగార్రాజు పాడె మోసినావు నువ్వు."

ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాన మొదలయింది. చెయ్యి బయటికి పెట్టి వాన నీళ్ళలోనే కడుక్కున్నాడు. తిరిగి చూడలేదు.

జ్యోతిర్మయి దిగింది.  సుబ్బరామయ్య గదిలో నిలబడి అంతా చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు.

"ఒకే ఫైలుకి కింద ఒక పేరు, పైన ఒక పేరు ఎట్లా ఉంటుందమ్మా?"

"సార్, మీరు రైల్వే కాలనీలో ఉండలేదు కాబట్టి మీకు తెలీదు. మా కాలనీలో ఈ లైన్లో ఒక ఏడో నంబరు క్వార్టరుంటాది, ఆ లైన్లో ఒక ఏడో నంబరుంటాది. కాల్‌బాయ్ అని ఒకడొచ్చి గార్డుల్నీ డ్రైవర్లనీ డ్యూటీకి లేపీవోడు. వాడికి మనిషి పేరు అక్కర్లేదు, నంబరుంటే చాలు. లైను చూసుకోకుండా తలుపు కొట్టీసినాడంటే, అవతల లైన్లో ఏడో నంబరాయన చెయ్యవలసిన డ్యూటీకి మా నాన్న బట్టలేసుకుని బయలుదేరిపోయీవోడు. ఈ కేబులు మీద కూడా అంతే. పేరు పోదు, నంబరే పోతాది. పైన రెండొందల ఏడు శంకరరావు గారు, కింద రెండొందల ఏడు భానుప్రియ. ఆయన చేసినది కిందికొచ్చేసరికి ఈ గుంట పేరు తొడుక్కుంటాది. దానికి నేను ఇచ్చిన హక్కు కూడా ఆయనకి అలగే పోనాది. నంబర్లు సరి చేస్తానని నేను మిమ్మల్ని అడిగినాను. మీరు వద్దన్నారు."

సుబ్బరామయ్య బల్ల మీద పేపరు వెయిటు తిప్పాడు. ఆయనకు ఇప్పుడు అర్థమయింది. అర్థం కాకపోతే బాగుండునని మొహంలో కనబడుతోంది.

"పెద్దాయన కదమ్మా," అన్నాడు చివరికి. "ఇంకెన్నాళ్ళు చేస్తాడు? అమ్మాయిని నేను వెళ్ళమననులే. పొరపాటు ఎక్కడో జరిగింది, మెషిన్‌లో ఏదో అయ్యింది అని చెప్దాం. అందరికీ మంచిది."

"మెషిన్‌లో ఏదో అయ్యిందంటే, ఆ పిల్ల మీద జాలిపడి ఊరుకున్నారంటారు సార్. దాన్ని నలుగురి ముందర దొంగని చేసినాం. నేను చేసినాను. నలుగురి ముందరే కాదనాలి. ఆయనే చెప్పాలి."

"ఆయన చెప్పకపోతే?"

"మెషిన్లు విడదీసీస్తాను. రెండు గదులూ వేరు."

"ఏమిటి, బెదిరిస్తున్నావా?"

"అవును సార్."

జ్యోతిర్మయి తన టెర్మినల్ ముందు కూర్చుని, కింద నుంచే పై మెషిన్‌లోకి వెళ్ళింది. మౌంట్‌ను విడదియ్యమని కొట్టింది. మెషిన్ విడదియ్యలేదు. వాడుకలో ఉంది అంది. మళ్ళీ కొట్టింది. వాడుకలో ఉంది. ఆ డైరెక్టరీలో పైన ఎవరో కూర్చుని ఉన్నారు. మనిషి అందులోంచి బయటికి వస్తే గానీ అది ఊడి రాదు. ఎవరు కూర్చున్నారో ఆమెకు తెలుసు.

భానుప్రియ తన సంచీ సర్దుకుంటోంది. టిఫిను గిన్నె, గొడుగు, కుర్చీ మీద వేసుకునే చిన్న తువ్వాలు. జ్యోతిర్మయి దాని దగ్గర ఆగి ఏదో అనబోయింది. భానుప్రియ తల ఎత్తలేదు. జ్యోతిర్మయి మెట్ల వైపు నడిచింది.

"లే," అంది పైకి వెళ్ళి.

శంకరరావు తల ఎత్తాడు. పెద్నాన్నా లే అనలేదు, ఏమండీ అనలేదు.

"ఏటి?"

"అందులోంచి బయటికి రా. లాగౌట్ అవు. నువ్వు కూర్చున్నంతసేపూ ఇది విడిపోదు."

"ఎందుకు విడిపోవాల?"

"నేను విడదీస్తన్నాను కాబట్టి."

ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు బండి కదిలేటప్పుడు చెయ్యి ఊపడం ఉగ్గుపాలతోనే వస్తుంది. జ్యోతిర్మయికి మాత్రం ఏనాడూ రాలేదు. ఎవరిని ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళినా, బండి కదలకముందే వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. తండ్రి ఆఖరుసారి బండి చివర బ్రేక్‌వ్యాన్‌లో నిలబడి పచ్చజెండా ఊపినప్పుడు కూడా ఆమె అటు చూడలేదు. ఆ తరవాత ఎన్ని రాత్రుళ్ళు ఆ చూడకపోవడమే గుర్తొచ్చిందో. ఇవాళ మాత్రం కదలకుండా నిలబడి శంకరరావు మొహంలోకే చూసింది.

ఆయన తడబడుతూ మీటలు నొక్కాడు. తెర ఖాళీ అయింది. జ్యోతిర్మయి పక్క టెర్మినల్ మీద మళ్ళీ కొట్టింది. ఈసారి మెషిన్ ఏమీ అనలేదు. ఊరుకుంది అంటే అయిపోయినట్టు. నిజంగా అయిందో లేదో చూద్దామని వ్యాగన్ డైరెక్టరీని చూపించమంది.

ఫైళ్ళు వరసగా తెర మీదికి వచ్చాయి. ఆగస్టు లెక్కలు. ఒక్కొక్క రోజుదీ ఒక్కొక్క ఫైలు.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. కొత్త చాప పరిచినంత మాత్రాన పాత చాప ఎక్కడికి పోతుంది? కలపకముందు భానుప్రియ రోజూ సాయంత్రం మెట్లెక్కి తెచ్చి ఇచ్చిన ఫ్లాపీల లెక్కంతా ఈ పాత డైరెక్టరీలోనే, మౌంట్ కింద కప్పబడిపోయి ఉంది. శంకరరావు చెరపాలనుకున్నది దీన్ని. చెరిపింది పైన పరిచిన దాన్ని. ఈ సంగతి తనకు తెలిసిందే. పుస్తకంలో చదివింది, తన చేత్తో చేసింది. కోపం కళ్ళకు అడ్డం పడి పొద్దున్నించీ ఒక్కసారీ తట్టలేదు. రెండు మెషిన్లనూ కలిపాక గడిచిన కొద్ది రోజుల లెక్క మాత్రం చీటీలు చూసి మళ్ళీ కొట్టుకోవాలి.

శంకరరావు ఆమె భుజం మీద నుంచి చూశాడు. ఆయన గొంతులోకి ప్రాణం వచ్చింది.

"ఇదిగో, ఉన్నాదా లేదా? దొరికీసినాది కదే. ఇంకేటి గొడవ? వెళ్ళి సార్‌కి చెప్పు."

జ్యోతిర్మయి నెమ్మదిగా తల తిప్పింది. 

"ఫ్లాపీలోకి ఎక్కించుకో. నువ్వే పట్టుకుని కిందికి రా."

"నాను? ఈ మోకాళ్ళతోనా? కేబులుంది కదా."

"కేబులు లేదు."

దిగి వచ్చి, కింది మెషిన్ వెనక వంగి, కేబులు చివరి టెర్మినేటరు మర విప్పి జేబురుమాలులో మూటకట్టి బొడ్డులో దోపుకుంది. అంత అవసరం లేదు. మౌంట్ విడదీశాక కేబులుంటే ఏం, లేకపోతే ఏం. అయినా విప్పింది. సుబ్బరామయ్య గుమ్మంలోంచి చూసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఫైలు దొరికిన సంగతి మాత్రం ఆయనకు చెప్పింది. "దొరికింది కదమ్మా మరి," అన్నాడాయన కూడా, అచ్చం అదే గొంతుతో. 

బయట వాన దంచుతోంది. భానుప్రియ సంచీ తగిలించుకుని వసారాలో నిలబడింది. గొడుగు ఆ వానకు ఆగదు. కాస్త తగ్గితే పోదామని చూస్తోంది. లోపల అందరూ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు.

చాలాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. శంకరరావు ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో ఫ్లాపీ పట్టుకుని దిగుతున్నాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతున్నాడు. ఆయన ఏ మాట అనుకుని దిగాడో ఎవరికీ తెలియదు. ఫ్లాపీ జ్యోతిర్మయి బల్ల మీద పడేసి తిరిగి ఎక్కిపోదామనే అనుకున్నాడేమో. మెట్లు వసారాలోకే దిగుతాయి. అక్కడ భానుప్రియ ఉంది.

ఫ్లాపీ కనబడగానే ఆ పిల్ల చెయ్యి చాపింది. ఉద్యోగం పోయిందన్నది ఆ క్షణంలో మరిచిపోయింది. రోజూ సాయంత్రం మెట్ల దగ్గర ఫ్లాపీ అందుకోవడం, అందించడం అలవాటయిన చెయ్యి అది, దాని మానాన అది చాపింది.

శంకరరావు ఆ చేతి వైపు చూసి ఆగిపోయాడు. ఇవ్వలేకపోయాడు. ఇవ్వకుండా ముందుకు పోలేకపోయాడు. భానుప్రియ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అప్పుడు దాని అరచేతిలో పెట్టేసి, గది వైపు తిరిగి, గుమ్మం పట్టుకుని అన్నాడు:

"ఈ గుంట కాదు. నానే చెరిపీసినాను. పైనుంచి."

 ఎవరి చేతుల్లోనో కాగితాలు గరగరలాడాయి.

"నాకెవలూ చెప్పలేదు అది కిందోళ్ళదని," అన్నాడు మళ్ళీ, కొంచెం గట్టిగా.

"పొద్దున్న తెలిసినాదా లేదా, అది కూడా చెప్పండి," అంది జ్యోతిర్మయి తన కుర్చీలోంచి.

 "తెలిసినాది," అన్నాడు.

పొద్దున్న నవ్విన మనిషి కళ్ళు దించుకుని కీబోర్డు దులుపుకున్నాడు.

"విన్నారు కదా," అంది జ్యోతిర్మయి లేచి. "పొద్దున్న నేను దాన్ని అన్న మాటలన్నీ కూడా మీరే విన్నారు. అవి నావి. తప్పు మాటలు. భానూ, తప్పయిపోనాదే. రా, కూర్చో."

భానుప్రియ రాలేదు. వసారాలోనే కాసేపు నిలబడి, ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసింది. వెళ్ళిపోతుందనే అనుకున్నారు అందరూ. తరవాత సంచీ భుజాన ఉండగానే లోపలికి వచ్చి, తన మెషిన్‌లో ఫ్లాపీ పెట్టి, లెక్క దింపడం మొదలుపెట్టింది. అది అయ్యాక బోర్లించిన చీటీల కట్ట తిరగేసింది. సంచీ మాత్రం దించలేదు. సాయంత్రం దాకా భుజానే ఉంది.

మర్నాడు పొద్దున్నే జ్యోతిర్మయి పని ఆపించింది. ఈసారి సుబ్బరామయ్య ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. రెండు మెషిన్లలో ఉన్న మనుషులందరినీ కాగితం మీద రాసుకుని, ఒకరికి ఒకటే నంబరు పెట్టుకుంటూ వచ్చింది. శంకరరావును కిందికి పిలిచారు. ఆయన వచ్చి బల్లకు అవతల నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. గణపతి పందిరికి వేరే ఎవరినైనా చూసుకొమ్మని చెప్పేశాడని, ఆ మాట ఆయన నోటితోనే చెప్పాడని పొద్దున్న కాలనీ కుళాయి దగ్గర అనుకున్నారు.

"రెండొందల ఏడు మీరూ, భానుప్రియ, ఇద్దరూ వాడుతున్నారు," అంది జ్యోతిర్మయి కాగితం మీద నుంచి కళ్ళెత్తకుండా. "ఒకరికి మార్చాలి. మీకు ఏది ఉంచమంటారు, శంకరరావు గారూ?"

శంకరరావు ఆ గారూ విన్నాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"పెద్నాన్నా అనవేటి?" అన్నాడు మెల్లగా.

 జ్యోతిర్మయికి కోపం ఇంకా చల్లారలేదు. దాని కింద ఏదో కప్పబడిపోయి ఉందని ఆమెకు తెలుసు. ఇవాళ దాన్ని తియ్యదలచుకోలేదు.

"ఏది ఉంచమంటారు?"

ఆయన చెప్పకముందే పక్క కుర్చీలోంచి భానుప్రియ మాట్లాడింది. తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. చీటీ తిప్పుతూ, కొట్టుకుంటూనే అంది.

"అది ఆయనకే ఇచ్చీండి. నాకు వేరేది ఏదయినా పరవాలేదు, మేడమ్."

జ్యోతిర్మయి తల ఎత్తింది. నిన్న పొద్దున్న దాకా అది తనను దీదీ అనేది. కాగితం మీద రెండొందల ఏడుకు ఎదురుగా శంకరరావు అని రాసి, కింద ఇంకో నంబరు వేసి, దాని పక్కన భానుప్రియ పేరు రాసింది.